పాత ల్యాప్‌టాప్‌కి ఏ డిస్కు వేయాలి, ఏ లినక్స్ ఎక్కించాలి?

సత్యనారాయణపురంలో మా పెద్దనాన్నగారింట్లో ఒక డెల్ ఇన్‌స్పిరాన్ 3521 ఉంది. 2013లో అన్నయ్య బీటెక్‌లో చేరినప్పుడు కొన్నది. మూడో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు. పెద్దనాన్న పొద్దున్నే పవర్ బటన్ నొక్కి స్నానానికి వెళ్లేవారు. స్నానం, పూజ అయ్యి వచ్చేసరికి డెస్క్‌టాప్ కనిపించేది. పేపర్ చదువుదామని బ్రౌజర్ నొక్కితే, పెద్దమ్మ కాఫీ కలిపి తెచ్చేదాకా ఆ నీలం గుండ్రం అలా తిరుగుతూనే ఉండేది. “దీన్ని ఇచ్చేసి ఏదన్నా స్టీలు సామాను తెచ్చుకుంటే నయం” అనేది పెద్దమ్మ.

2024 వేసవిలో దాని అడుగు మూత విప్పి, హార్డ్ డిస్కు తీసేసి 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, చిప్పుల డిస్కు) పెట్టాను. ఖాళీగా ఉన్న రెండో స్లాటులో సెకండ్ హ్యాండ్ 4 జీబీ ర్యామ్ ఒకటి గుచ్చాను. విండోస్ బదులు లినక్స్ మింట్ (ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించాను. మొత్తం 2,300 రూపాయలయింది. డిస్కు 1,700, ర్యామ్ 600. ఇప్పుడు బటన్ నొక్కి కుర్చీ లాక్కుని కూర్చుని కళ్లజోడు పెట్టుకునేలోపు తెర సిద్ధంగా ఉంటుంది.

ఆ సంగతి చుట్టాల్లో పాకింది. గుంటూరు నుంచి మేనకోడలు ఒకటి పంపింది, మిర్చి యార్డులో కమీషన్ షాపున్న బాబాయ్ ఒకటి తెచ్చారు, ఫ్రెండు డీటీపీ షాపు నుంచి ఒకటి వచ్చింది. అన్నిటికీ పెద్దనాన్న మందే వేద్దామనుకున్నాను. సగానికి సగం పనికిరాలేదు. ఏ ల్యాప్‌టాప్‌కి ఏది నప్పుతుందో అలా చేతులు కాల్చుకుంటూ తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

## ముందు ఇవి తేల్చుకోండి

నెమ్మదికి కారణం ఏమిటి? పదికి తొమ్మిదిసార్లు హార్డ్ డిస్కే. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కు నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 90. కావలసిన ముక్క, చదివే తల కిందికి వచ్చేదాకా ఆగాలి, అంతకుముందు ఆ తల సరైన వరుసలోకి జరగాలి. ఇంత తతంగం వల్ల సెకనుకు అరవై డెబ్భై చోట్ల నుంచి మించి చదవలేదు. కంప్యూటర్ లేవాలంటే వేల చిన్న ఫైళ్లు చదవాలి. అందుకే అంత సేపు. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. ఒకే పెద్ద ఫైలు కాపీ చేస్తే హార్డ్ డిస్కు సెకనుకు వంద ఎంబీ, సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కు కనెక్టర్‌కే తగిలేది) ఐదొందల ఎంబీ అని పెట్టె మీద అంకెలు కనిపిస్తాయి. అసలు తేడా ఆ అంకెల్లో ఉండదు. చిన్న ఫైళ్ల దగ్గర అది వంద రెట్లకి పైనే.

మీ విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరవండి. ఏ పనీ చేయకుండానే డిస్కు గడి 100 శాతం దగ్గర ఎర్రగా ఉంటే రోగం అదే. డిస్కు ఖాళీగా ఉండి ర్యామ్ నిండిపోతుంటే ముందు ర్యామ్ సంగతి చూడాలి.

ప్రాసెసర్ వయసు. ఇంటెల్ రెండో తరం, అంటే 2011 నాటివి, ఆ తర్వాతివి అయితే డబ్బు పెట్టొచ్చు. అంతకుముందరి కోర్ 2 డుయోకి కూడా ఎస్‌ఎస్‌డీ పనిచేస్తుంది కానీ నేటి వెబ్‌సైట్ల దగ్గర ఆయాసపడుతుంది. 32 బిట్ ప్రాసెసర్ అయితే వదిలేయమంటాను. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 (చాలా లినక్స్‌లకి మూలమైన లినక్స్) నుంచి 32 బిట్ ఇన్‌స్టాలరే ఆగిపోయింది. లినక్స్ మీద క్రోమ్ అయితే 2016లోనే 32 బిట్‌ని వదిలేసింది.

విండోస్ ఉండాలా? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పొడిగింపు పథకంలో నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకి భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో 8వ తరం, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. 2017కి ముందు కొన్నవాటికి ఆ ఆశ లేదు. అడ్డదారిలో ఎక్కించేవాళ్లున్నారు. నేను చుట్టాల కంప్యూటర్లలో ఆ పని చేయను, ఏ అప్‌డేట్ తర్వాత ఫోన్ వస్తుందోనని టెన్షన్ ఎందుకు?

ఏ పని చేస్తారు? అన్నిటికన్నా ఇదే ముఖ్యం, అందరూ చివర్లో అడిగేదీ ఇదే. బ్రౌజర్, యూట్యూబ్, ఉత్తరాలు, పీడీఎఫ్‌లు, కోడింగ్ అయితే లినక్స్‌కి అడ్డు లేదు. అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ట్యాలీ అయితే లినక్స్ మాట ఎత్తకండి. లినక్స్ మీద విండోస్ ప్రోగ్రాములు నడిపే వైన్‌తో నడిపించొచ్చని ఎవరో చెబుతారు. నడుస్తుంది కూడా, సరిగ్గా బిల్లు తీయాల్సిన రోజు వరకు.

ఎంతవరకు ఖర్చు? పదేళ్లు దాటిన ల్యాప్‌టాప్ మీద మూడు, మూడున్నర వేలకి మించి పెట్టకూడదని నా లెక్క. బ్యాటరీ, కీబోర్డు, డిస్కు, ర్యామ్ అన్నీ మార్చాలంటే ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపితే ఆఫీసుల్లోంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ దొరుకుతుంది.

## డిస్కు ఎంపిక

| దారి | వేగం | ఎవరికి | ఇబ్బంది |
|---|---|---|---|
| ఉన్న హార్డ్ డిస్కే, లినక్స్ మాత్రం మార్చడం | కొద్దిగా మెరుగు | పైసా పెట్టలేనివాళ్లకి | డిస్కు ముసలిదైతే ఎప్పుడైనా పోవచ్చు |
| 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ | చాలా ఎక్కువ | చాలామందికి ఇదే | కొన్ని మోడళ్లలో మొత్తం విప్పాలి |
| ఎం.2 లేదా ఎంసాటా (బోర్డు మీది స్లాటులో గుచ్చే చిన్న ఎస్‌ఎస్‌డీ) | అంతే, కొన్నిటిలో ఇంకా ఎక్కువ | స్లాటు ఉన్నవాళ్లకి | రకం తప్పితే కనిపించనే కనిపించదు |
| డీవీడీ డ్రైవ్ స్థానంలో క్యాడీ (రెండో డిస్కు పట్టే చట్రం) | సిస్టమ్‌కి ఎస్‌ఎస్‌డీ, ఫైళ్లు దాచుకోడానికి హార్డ్ డిస్కు | ఫోటోలు, వీడియోలు ఎక్కువున్నవాళ్లకి | బ్యాటరీ త్వరగా దిగుతుంది |
| యూఎస్‌బీ కేసులో ఎస్‌ఎస్‌డీ | బాగుంటుంది, పోర్టు 3.0 అయితే | విప్పడానికి వీల్లేని ల్యాప్‌టాప్‌లకి | తోక వేలాడుతుంటుంది |
| పెన్ డ్రైవ్ | అంతంత మాత్రం | ప్రయత్నించి చూడటానికి | రోజూ వాడితే అరిగిపోతుంది |

మొదటి దారి గురించి కొంత చెప్పాలి. “తేలికపాటి లినక్స్ వేస్తే పాత హార్డ్ డిస్కు మీద కూడా పరుగెడుతుంది” అని వీడియోల్లో చూసి వస్తారు. డెస్క్‌టాప్ వరకు నిజమే. ఫైర్‌ఫాక్స్ నొక్కిన క్షణం నుంచి మళ్లీ పాత కథే. ఏ లినక్స్ అయినా బ్రౌజర్ బరువు అదే, డిస్కు తల అదే. నాలుగు తేలిక లినక్స్‌లు మార్చి మార్చి చూస్తూ రెండు ఆదివారాలు పోగొట్టుకునే బదులు ఆ ఓపికని డిస్కు మీద పెట్టండి. చేతిలో ఉన్న డబ్బు డిస్కుకో ర్యామ్‌కో ఒక్కదానికే సరిపోతుంటే, 4 జీబీ ఉన్నవాళ్లు డిస్కు, 2 జీబీ ఉన్నవాళ్లు ముందు ర్యామ్.

2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీ హార్డ్ డిస్కు తీసిన చోటే, అదే కనెక్టర్‌కి పడుతుంది. ఎస్‌ఎస్‌డీలు సాధారణంగా 7 మిల్లీమీటర్ల మందం, పాత హార్డ్ డిస్కులు చాలావరకు 9.5. ఆ సందులో వదులుగా కదులుతుంటే అట్టముక్క మడిచి పెట్టినా సరిపోతుంది, నేను పెద్దనాన్నదాంట్లో పెళ్లి శుభలేఖ కవరు మడిచి పెట్టాను. 128 జీబీ, 256 జీబీ మధ్య ధరలో తేడా కొద్దిదే అయితే 256 తీసుకోండి. చిన్నవి త్వరగా నిండుతాయి, నిండే కొద్దీ నెమ్మదిస్తాయి. లోపల డీర్యామ్ చిప్ లేని చవక ఎస్‌ఎస్‌డీలని కొందరు చిన్నచూపు చూస్తారు. పదేళ్ల ల్యాప్‌టాప్‌లో ఇంటి పనికి ఆ తేడా మీకు తెలియదు.

ఎం.2 దగ్గర జాగ్రత్త. స్లాటు చూడ్డానికి ఒకేలా ఉన్నా, 2015-17 నాటి కొన్ని ల్యాప్‌టాప్‌లలో సాటా రకం ఎం.2 మాత్రమే పనిచేస్తుంది. ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకం పెడితే బయోస్‌కి (ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రాముకి) కనపడదు. కొసన రెండు గాట్లున్నది సాధారణంగా సాటా, ఒక్క గాటున్నది ఎన్‌వీఎంఈ. మోడల్ నంబరు పట్టుకుని మాన్యువల్ చూసి కొనండి. ఇంకా పాత వ్యాపార మోడళ్లలో ఎంసాటా స్లాటు ఉంటుంది, అది ఎం.2కి పొట్టి వెడల్పాటి అన్నలాంటిది, ఒకదాంట్లో ఒకటి పట్టదు.

క్యాడీ కొంటే డీవీడీ డ్రైవ్ మందం కొలవండి, 9.5 ఒకటి, 12.7 ఒకటి దొరుకుతాయి. ఎస్‌ఎస్‌డీని అసలు స్థానంలో, హార్డ్ డిస్కుని క్యాడీలో పెట్టండి. తిరగేసి పెడితే కొన్ని ల్యాప్‌టాప్‌లు క్యాడీ నుంచి బూట్ కావు.

32 జీబీ ఈఎంఎంసీ (డిస్కు బదులు ఉండే మెమరీ చిప్పు) బోర్డుకే అతికించి వచ్చే చిన్న ల్యాప్‌టాప్‌లకి మార్చేందుకు డిస్కే ఉండదు. ర్యామ్ కూడా అతుకే, 2 జీబీ. అలాంటి వాటికి యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ ఒక్కటే దారి. దాని మీద డబ్బు పెట్టాలా అంటే, నేనైతే పెట్టను.

## కొనేటప్పుడు

విజయవాడలో ఏలూరు రోడ్డు, గవర్నర్‌పేట వైపు, గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట వైపు తిరిగితే ఒకే సామానుకి రెండు మూడు ధరలు చెబుతారు. నేను చెప్పిన 1,700 ఇప్పుడు పట్టుకుని అడిగితే నవ్వుతారు. 2025 చివర నుంచి మెమరీ చిప్పుల ధరలు పెరిగి ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ రెండూ ప్రియమయ్యాయి. అందుకే సెకండ్ హ్యాండ్ వైపు మనసు లాగుతుంది. వాడిన ర్యామ్ కొనడానికి నేను వెనకాడను, పనిచేస్తే చేస్తుంది లేకపోతే లేదు. వాడిన ఎస్‌ఎస్‌డీ మాత్రం చూసి కొనాలి.

ఒకసారి ఒక షాపులో కొత్తదని ఇచ్చిన ఎస్‌ఎస్‌డీని ఇంటికి తెచ్చి, మింట్‌లో ఉండే డిస్క్స్ అనే యాప్‌లో స్మార్ట్ డేటా (డిస్కు తన వాడకం గురించి రాసుకునే చిట్టా) తెరిచాను. ఆన్‌లో ఉన్న గంటలు 9,140 అని చూపించింది. ఏడాది మొత్తానికి ఉండేవే 8,760 గంటలు. పెట్టె మీద సీలు మాత్రం నిగనిగలాడుతోంది. మర్నాడు ల్యాప్‌టాప్ తెర మీద ఆ అంకె చూపిస్తే మాట్లాడకుండా మార్చి ఇచ్చారు. అప్పట్నుంచి బిల్లు, వారంటీ కార్డు లేకుండా షాపు మెట్టు దిగను. ఆన్‌లైన్లో నమ్మలేనంత చవకగా కనిపించే 2 టీబీ, 16 టీబీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీల జోలికి అసలు పోవద్దు. వాటిని విప్పితే లోపల మెమరీ కార్డు జిగురుతో అంటించి ఉంటుంది.

ర్యామ్ కొనేముందు పాత ముక్క తీసి దాని మీద రాసింది చదవండి. 4వ తరం నుంచి వచ్చిన ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో డీడీఆర్3 వాడేవాటికి 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కావాలి. మామూలు 1.5 వోల్టుల ముక్క పెడితే ఆన్ కాకపోవచ్చు. ముక్కనే షాపుకి పట్టుకెళ్లడం ఇంకా సులువు.

## ఏ లినక్స్?

లినక్స్‌లో చాలా రకాలున్నాయి. కింద సినమన్, ఎక్స్‌ఎఫ్‌సీఈ అన్నవి మింట్‌లో దొరికే డెస్క్‌టాప్ రూపాలు.

| పేరు | ర్యామ్ | ఎవరి చేతికి | లోటు |
|---|---|---|---|
| లినక్స్ మింట్ సినమన్ | 8 జీబీ | విండోస్ అలవాటున్నవాళ్లు | 4 జీబీలో ఇరుకు |
| లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ | 4 జీబీ | ఎవరికైనా | చూపుకి కొంచెం సాదా |
| లుబుంటు | 2-4 జీబీ | కాస్త తెలిసినవాళ్లు | మద్దతు మూడేళ్లే |
| ఎంఎక్స్ లినక్స్ | 2-4 జీబీ | మీట నొక్కి చూసే ఆసక్తి ఉన్నవాళ్లు | సెట్టింగులు మరీ ఎక్కువ |
| యాంటిక్స్, పప్పీ | 1-2 జీబీ | సరదాగా నేర్చుకునేవాళ్లు | పెద్దవాళ్లకి ఇవ్వలేం |
| క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ | 4 జీబీ | బ్రౌజర్ తప్ప ఏమీ వద్దనేవాళ్లు | ఆండ్రాయిడ్ యాప్‌లు రావు |

ఏమీ తెరవకుండా ఉన్నప్పుడు సినమన్ రమారమి ఒక జీబీ ర్యామ్ తింటుంది, ఎక్స్‌ఎఫ్‌సీఈ దానికి తక్కువ, లుబుంటు ఇంకొంచెం తక్కువ, యాంటిక్స్ రెండు మూడొందల ఎంబీతో సర్దుకుంటుంది. ఈ అంకెల మీద పెద్ద పెద్ద వాదనలు జరుగుతుంటాయి. కానీ ఒక్క యూట్యూబ్ ట్యాబు, ఒక్క జీమెయిల్ ట్యాబు తెరిస్తే ఆ పొదుపంతా కరిగిపోతుంది. కాబట్టి 4 జీబీ, ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లు ఇంకా తేలికదాని కోసం వెతకొద్దు. వాడే మనిషికి ఏది తికమక పెట్టదో అది చూడండి.

అందుకే నేను ఎక్కువగా మింటే ఎక్కిస్తాను. కింద ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, మధ్యలో తెరిచిన కిటికీలు. విండోస్ 7 అలవాటున్న పెద్దనాన్నకి ప్రత్యేకంగా నేర్పాల్సింది ఏమీ రాలేదు. ఉబుంటు అనే లినక్స్ ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం మద్దతుండే వెర్షన్) మీద నిలబడుతుంది కాబట్టి ఒక్కసారి వేస్తే ఐదేళ్ల వరకు అప్‌డేట్లు వస్తాయి. మింట్ 22 వరసకి 2029 దాకా. లుబుంటు కూడా ఉబుంటు బిడ్డే, కానీ దాని ఎల్‌టీఎస్‌కి మూడేళ్లే. నా సొంత ల్యాప్‌టాప్ అయితే అది సమస్య కాదు. నరసరావుపేటలో ఉన్న అత్తయ్య ల్యాప్‌టాప్ అయితే మూడేళ్లకి మళ్లీ బస్సెక్కాలి.

ఎంఎక్స్ లినక్స్ డెబియన్ మీద కట్టింది, గట్టిది, పాత వైఫై చిప్పుల దగ్గర నాకు బాగా అక్కరకొచ్చింది. పప్పీ ఇంకో రకం, మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి కూర్చుంటుంది, పోయిన డిస్కు నుంచి ఫైళ్లు బయటకి తీయడానికి నా పెన్ డ్రైవ్‌లో ఎప్పుడూ ఉంటుంది. రోజూ వాడమని మాత్రం ఎవరికీ చెప్పను.

గూగుల్ ఇచ్చే క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ సంగతి వేరు. వేశాక పాడుచేయడం కష్టం, అప్‌డేట్లు వాటంతటవే జరిగిపోతాయి. ఎనిమిదో క్లాసు పిల్లాడికో, బ్రౌజర్ ఒక్కటే ఎరిగిన అమ్మమ్మకో బాగుంటుంది. గూగుల్ ఖాతా లేకపోతే చాలా పనులు ఆగుతాయి. ఒక్కో మోడల్‌కి మద్దతు ఎప్పటివరకో గూగుల్ జాబితాలో ఉంటుంది, చూడకుండా వేస్తే కొన్నాళ్లకే గడువు దాటిపోవచ్చు.

## ఎవరికి ఏం చేశాను

పెద్దనాన్న. పేపర్, యూట్యూబ్, పెన్షన్ స్లిప్పు. ఎస్‌ఎస్‌డీ, మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ. యూట్యూబ్ దగ్గర ఒక చిక్కుంది. యూట్యూబ్ ఇప్పుడు వీపీ9, ఏవీ1 రకాల్లో వీడియో పంపుతుంది. ఇంటెల్‌లో 7వ తరానికి ముందు చిప్పులకి వీపీ9ని విప్పే పూర్తి హార్డ్‌వేర్ లేదు, భారమంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాను గోల మొదలవుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో హెచ్264ఐఫై అనే చిన్న ఎక్స్‌టెన్షన్ వేస్తే పాత హెచ్.264 రకమే వస్తుంది. పెద్దనాన్న ప్రవచనాలు వింటున్నప్పుడు ఫ్యాను చప్పుడు ఇప్పుడు వినపడదు.

గుంటూరులో బీటెక్ చదివే మేనకోడలు. ఐదో తరం ఐ5, 8 జీబీ. సినమన్ వేశాను. పైథాన్, సీ, జావా, గిట్ అన్నీ లినక్స్‌లో ఇంకా హాయి. అయితే ప్లేస్‌మెంట్ ఆన్‌లైన్ పరీక్షల్లో నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్లు కొన్ని విండోస్‌నే అడుగుతాయి. అందుకని 512 జీబీ డిస్కు తీసుకుని 150 జీబీ విండోస్‌కి వదిలాం. తను దాన్ని “పరీక్షల గది” అంటుంది, మిగతా రోజుల్లో తాళమే.

మిర్చి యార్డు బాబాయ్. అడుగు విప్పగానే నాకు తుమ్ములు ఆగలేదు. ఫ్యానుకీ, రాగి గొట్టం చివర రెక్కలకీ మధ్య ఎర్రటి దుమ్ము దుప్పటిలా పేరుకుపోయి ఉంది. బ్రష్షు పెట్టి దులిపితే ముక్కలు ముక్కలుగా ఊడి వచ్చింది. సగం నెమ్మది ఆ వేడి వల్లే. ట్యాలీ ఉంది కాబట్టి లినక్స్ ఊసెత్తలేదు. థర్మల్ పేస్ట్ మార్చి, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ వేసి, ఉన్న విండోస్‌నే క్లోనింగ్ (ఉన్నదున్నట్టు కొత్త డిస్కులోకి కాపీ) చేశాను. ఆ పనికి వాడే క్లోన్‌జిల్లా మామూలుగా పాత డిస్కు అంత పరిమాణం, లేదా అంతకన్నా పెద్దది అడుగుతుంది. పార్టిషన్లు కుదించే పని పెట్టుకోకుండా పెద్ద డిస్కే కొన్నాం. కొత్త ల్యాప్‌టాప్ కొనేదాకా ట్యాలీ తప్ప ఏదీ తెరవొద్దని, బ్యాంకు పని ఫోన్లోనే చూసుకోమని చెప్పాను.

డీటీపీ ఫ్రెండు. అను ఫాంట్లలో పదిహేనేళ్ల పెళ్లిపత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు, లినక్స్‌లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి. ఇక్కడా విండోస్ అలాగే, డిస్కు మాత్రం మార్పు. విజయవాడలో ప్రింటింగ్ పని చేసేవాళ్లెవరికైనా నా మాట ఇదే. జిరాక్స్ షాపుల్లో ఎక్కువగా కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 లాంటి పాత ప్రింటర్లు కూడా లినక్స్‌లో డ్రైవర్ కోసం బాగా సతాయిస్తాయి. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు తగిలించగానే పలుకుతాయి.

నీళ్లలో మునిగినది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో పిన్ని వాళ్లింట్లో నడుం లోతు నీళ్లు. ల్యాప్‌టాప్ బురదలో దొరికింది. వారం ఆరబెట్టి, కడిగి, ఎస్‌ఎస్‌డీ వేస్తే ఆన్ అయింది, అందరం మురిసిపోయాం. రెండు నెలల తర్వాత బోర్డు తుప్పుతో పోయింది. నీళ్లు తాగిన బోర్డు మీద డబ్బు పెట్టకండి. ఎస్‌ఎస్‌డీ మాత్రం బాగానే ఉంది, దాన్నే అత్తయ్య ల్యాప్‌టాప్‌కి వేశాను.

## ఎక్కించే రోజు

డిస్కు కొనకముందే లినక్స్‌ని పెన్ డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు, లోపలున్నదేదీ చెరగదు. వెంటాయ్ అనే సాధనం పెన్ డ్రైవ్‌లో పెట్టుకుంటే నాలుగైదు లినక్స్‌లు ఒకదాంట్లోనే పడతాయి. బూట్ మెనూకి డెల్, లెనోవోలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయాలంటే ముందు బయోస్‌లో దాన్ని ఆన్ చేయాలి. తెర వచ్చాక వైఫై, శబ్దం, వెలుతురు మీటలు, మూత మూసి తెరిస్తే మేలుకోవడం, ఈ నాలుగూ చూడండి. నాలుగూ పనిచేస్తే ధైర్యంగా డిస్కు కొనుక్కోండి.

వైఫై రాకపోతే కంగారు వద్దు. పాత డెల్‌లలో బ్రాడ్‌కామ్ చిప్పు తరచుగా ఉంటుంది, దాని డ్రైవర్ విడిగా దించుకోవాలి. ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే మిగతాది అదే చూసుకుంటుంది.

తెలుగు టైపింగ్‌కి కీబోర్డు సెట్టింగులలో తెలుగు లేఅవుట్ చేర్చితే ఇన్‌స్క్రిప్ట్ (ఒక్కో మీటకి ఒక్కో తెలుగు అక్షరం ఉండే పద్ధతి) వచ్చేస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించే అలవాటున్నవాళ్లు ఐబస్ అనే టైపింగ్ సాధనం, దానికి ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుని, అందులో ఆర్‌టీఎస్ అనే పద్ధతి ఎంచుకోవాలి. పెద్దనాన్న ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుంటానని కీల మీద స్కెచ్ పెన్నుతో అక్షరాలు రాసుకున్నారు. రోహిణీ కార్తెలో చెమట చేతులకి సగం చెరిగిపోయాయి, మిగతా సగంతోనే కొడుతున్నారు.

విప్పడం మీకు కొత్త అయితే షాపులోనే వేయించండి, కూలి కింద మూడు నాలుగొందలు తీసుకుంటారు. స్వయంగా చేస్తే ముందు బ్యాటరీ ఊడదీయండి. స్క్రూలని ఎక్కడివక్కడ కాగితం మీద బొమ్మ గీసి గుచ్చుకోండి, పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే బోర్డుకి చిల్లు పడుతుంది. ప్లాస్టిక్ మూత ఊడకపోతే స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించకుండా పాత ఏటీఎం కార్డు అంచుతో చుట్టూ తిప్పుకురండి.

తీసేసిన హార్డ్ డిస్కుని వెంటనే చెరపకండి. ఫోటోలు, టెన్త్ మార్కుల జాబితా స్కాన్, ఎవరో పంపిన స్థలం దస్తావేజులు అందులో ఉన్నాయని సాధారణంగా ఇరవయ్యో రోజుకి గుర్తొస్తుంది. మూడొందల లోపు దొరికే యూఎస్‌బీ కేసులో పెట్టి, మీద తేదీ రాసి బీరువాలో ఉంచండి. పెద్దనాన్నది ఇప్పటికీ బీరువాలో పెద్దమ్మ పట్టుచీరల కింద ఉంది. దాన్నిచ్చి స్టీలు గిన్నె తెచ్చుకోవచ్చా అని ఆవిడ నన్ను రెండుసార్లు అడిగింది.